లోహాల 3డీ ప్రింటింగ్‌లో అసలు గొడవ రంధ్రాలతోనే

క్లుప్తంగా: లోహపు పొడిని లేజర్‌తో పొరలు పొరలుగా కరిగించి వస్తువు తయారు చేయడమే లోహ 3డీ ప్రింటింగ్. ఇందులో కంటికి కనిపించని రంధ్రం ఒక్కటి మిగిలినా ఎప్పుడో ఒకరోజు అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. నానో రంధ్రాల లోహాల సంగతి వేరు. అక్కడ రంధ్రాలే సరుకు. వాటి కోసమే మిశ్రమ లోహంలోంచి ఒక లోహాన్ని పనిగట్టుకుని తీసేస్తారు. ఈ రెండు పరిశోధనలు ఇప్పుడు ఒకే ప్రయోగశాలలో కలుస్తున్నాయి. వరంగల్, కాజీపేట, రామగుండం ప్రాంతాలకు దీనివల్ల ఒరిగేది మెషీన్ కొనడం కంటే పొడి నాణ్యత, పరీక్షలు, చేయి తిరిగిన మనుషుల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఒకే పేరు, వేర్వేరు పనులు

3డీ ప్రింటింగ్ అన్న మాట కొన్నేళ్లుగా పత్రికల్లో తరచూ కనిపిస్తోంది. సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో 2023లో ఏకంగా గుడినే ప్రింట్ చేశారు. 2024 మే 30న శ్రీహరికోట నుంచి అగ్నికుల్ సంస్థ ఎగరేసిన చిన్న రాకెట్‌లో ఇంజిన్ మొత్తం ఒకే ముక్కగా ప్రింట్ చేసిందే. హైదరాబాద్‌లోని స్కైరూట్ కూడా తన ఇంజిన్లకు ఈ దారే పట్టింది. బడి పిల్లల సైన్స్ ఫెయిర్‌లో ప్లాస్టిక్ తీగను కరిగించి బొమ్మలు చేసే బల్ల మీది మెషీన్‌కూ ఇదే పేరు. దాంతో సహజంగానే ఒక ప్రశ్న వస్తోంది: గుడి కట్టేసిన పద్ధతితో కాజీపేటలో రైలు విడిభాగాలు చేసుకోలేమా?

పొర మీద పొర వేసుకుంటూ పోవడం ఒక్కటే వీటన్నిటికీ ఉన్న పోలిక. కాంక్రీటును గొట్టంలోంచి ముద్దగా వదిలితే, నీటితో జరిగే రసాయన చర్య వల్ల అదే గట్టిపడుతుంది. ప్లాస్టిక్ 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల మెత్తబడి, బయటికి రాగానే బిగుసుకుంటుంది. ఉక్కు కరగాలంటే దాదాపు 1,400 డిగ్రీలు, టైటానియానికి 1,668 డిగ్రీలు కావాలి. ఆ వేడిలో లోహం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. కొంత ఆవిరైపోతుంది. చల్లారేటప్పుడు కుంచించుకుపోతూ కింది పొరను లాగుతుంది. గుడి గోడలో చిన్న ఖాళీ మిగిలితే దాని మీద పూత పూసి సరిపెట్టుకోవచ్చు. నిమిషానికి వేల సార్లు తిరిగే చక్రంలో ఆ వీలు లేదు.

పొడి, లేజర్, ఒక మిల్లీసెకను

లోహ ప్రింటింగ్‌లో పద్ధతులు చాలానే ఉన్నాయి. తీగను ఆర్క్ వెల్డింగ్‌తో కరిగించి పేర్చేది ఒకటి. శూన్యంలో ఎలక్ట్రాన్ కిరణంతో పొడిని కరిగించేది ఇంకొకటి. ఎక్కువగా వాడుకలో ఉన్నది మాత్రం పరిచిన పొడి మీద లేజర్ నడిపే పద్ధతి.

మెషీన్ లోపల ఆర్గాన్ వాయువు నింపిన చిన్న గది ఉంటుంది. అందులోని లోహపు పలక మీద పొడిని 30 నుంచి 60 మైక్రాన్ల మందంలో పరుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పొడి రేణువులు 15 నుంచి 45 మైక్రాన్ల మధ్య ఉండాలి, వీలైనంత గుండ్రంగా ఉండాలి. లేకపోతే పొర సమంగా పరుచుకోదు. 200 నుంచి 400 వాట్ల లేజర్ కిరణం సెకనుకు మీటరు అటూఇటూ వేగంతో, డ్రాయింగ్‌లో ఉన్నచోటే గీసుకుంటూ పోతుంది. కిరణం తగిలినచోట చిన్న మడుగు ఏర్పడుతుంది. మిల్లీసెకను గడిచేలోపే అది గడ్డకడుతుంది. పలక ఒక మెట్టు కిందికి దిగుతుంది, కొత్త పొర పరుచుకుంటుంది, లేజర్ మళ్లీ మొదలవుతుంది. 10 సెంటీమీటర్ల ఎత్తున్న వస్తువుకు పొర 40 మైక్రాన్ల లెక్కన ఇదంతా 2,500 సార్లు జరగాలి.

లేజర్ ఆగితే పని అయిపోయినట్టు కాదు. వస్తువు పలకకు వెల్డింగ్ చేసినట్టు అతుక్కుని ఉంటుంది. లోపల బిగుసుకున్న ఒత్తిడి తగ్గేందుకు ముందు పలకతో సహా ఫర్నేస్‌లో పెట్టాలి. తొందరపడి కోసేస్తే వస్తువు వంకర తిరుగుతుంది. ఆ తర్వాత కోత, ప్రింట్ అయ్యేటప్పుడు వస్తువు కుంగకుండా వేసిన ఆసరా కడ్డీల తొలగింపు, అవసరమైన చోట మిషనింగ్. బటన్ నొక్కగానే తళతళలాడే గేర్ బయటికి వచ్చినట్టు ప్రకటనల్లో చూపిస్తారు గానీ, నిజంగా మెషీన్‌లోంచి వచ్చేది గరుకుగా, బూడిద రంగులో, ఇంకా సగం పని మిగిలి ఉన్న ముక్క.

రంధ్రం ఎక్కడి నుంచి వస్తుంది

లేజర్ వేడి చాలకపోయినా, మరీ వేగంగా నడిచినా రెండు గీతల మధ్య పొడి కరగకుండా మిగిలిపోతుంది. అలా మిగిలిన ఖాళీ గుండ్రంగా ఉండదు. చీలికలా, పదునైన అంచులతో ఉంటుంది. వస్తువు మీద పడే ఒత్తిడంతా ఆ అంచు దగ్గర పోగుపడుతుంది కాబట్టి ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. పోనీ వేడి పెంచుదామంటే, లోహం మరిగి ఆవిరి ఒత్తిడికి మడుగు మధ్యలో లోతైన గుంట తవ్వుకుపోతుంది. ఆ గుంట కూలినప్పుడు అడుగున గాలి బుడగలాంటి రంధ్రం చిక్కుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి సందులోనే పని జరగాలి. ఆ సందు ఒక్కో లోహానికి ఒక్కోచోట ఉంటుంది. కొత్త మిశ్రమ లోహం తీసుకున్న ప్రతిసారీ వాట్లు, వేగం, గీతల మధ్య దూరం మారుస్తూ చిన్న చిన్న దిమ్మెలు ప్రింట్ చేసి, కోసి, పాలిష్ పట్టి, మైక్రోస్కోప్ కింద రంధ్రాలు లెక్కపెట్టడం ప్రయోగశాలల్లో సగం పని. పీహెచ్‌డీ విద్యార్థుల మొదటి ఏడాది చాలాచోట్ల దీనికే పోతుంది.

మెషీన్‌కు సంబంధం లేని ఇంకో రంధ్రం పొడితో పాటే వస్తుంది. కరిగిన లోహపు ధారను ఆర్గాన్ వాయువుతో చిమ్మి తుంపర్లుగా చేసినప్పుడు ఆ తుంపర్లే గడ్డకట్టి పొడి అవుతాయి. కొన్ని రేణువుల లోపల ఆర్గాన్ చిక్కుకుపోతుంది. అది లోహంలో కరగదు. ప్రింట్ అయిన వస్తువును వేడిలో అన్ని వైపుల నుంచీ వాయువుతో నొక్కి రంధ్రాలు మూసే పద్ధతి ఉంది. టైటానియం మిశ్రమ లోహానికి సాధారణంగా 920 డిగ్రీల దగ్గర 100 మెగాపాస్కల్స్ ఒత్తిడి, అంటే వాతావరణ పీడనానికి దాదాపు వెయ్యి రెట్లు పెడతారు. దానితో ఖాళీ రంధ్రాలు మూసుకుపోతాయి. ఆర్గాన్ ఉన్నవి మాత్రం నలిగి చిన్నవవుతాయే తప్ప పోవు. తర్వాత మళ్లీ గట్టిగా వేడి తగిలితే ఉబ్బుతాయి కూడా. నాసిరకం పొడి కొని ఖరీదైన మెషీన్‌లో పోస్తే ఫలితం ఎలా ఉంటుందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

కొన్ని లోహాలకు రంధ్రం కన్నా పగులు పెద్ద బెడద. విమానాల్లో వాడే 7075 రకం అల్యూమినియం మిశ్రమ లోహం లేజర్ కింద చల్లారుతూనే చీలికలు బారుతుంది. 2017లో అమెరికాలోని హెచ్‌ఆర్‌ఎల్ ప్రయోగశాల బృందం ఆ పొడి రేణువులకు జిర్కోనియం నానో కణాలు అంటించి ఈ చిక్కు విప్పింది. ఆ కణాల చుట్టూ సన్నటి స్ఫటికాలు ఒకేసారి పుట్టి, చీలిక బారే దారి లేకుండా చేశాయి. మెషీన్‌ను ముట్టుకోకుండా పొడిని మార్చి సమస్య తీర్చడం ఈ రంగంలో చాలామంది ఆలోచన తీరునే మార్చింది.

కోనసముద్రం మూస, లేజర్ మడుగు

లోహం ఎంత వేగంగా చల్లారితే లోపలి అల్లిక అంత సన్నగా వస్తుంది. నెమ్మదిగా చల్లారితే ఏమవుతుందో చెప్పే పాత ఉదాహరణ ఉత్తర తెలంగాణలోనే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో, అంటే లోహాన్ని కరిగించే మట్టి పాత్రల్లో చేసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లేది. అక్కడి వర్తకులు స్వయంగా వచ్చి కొనుక్కుపోయేవారని హెన్రీ వాయిసీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఆ ఉక్కులో కర్బనం 1.5 శాతం అటూఇటూగా ఉండేది. మూసలో నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు ఇనుము ముందు కొమ్మలు కొమ్మలుగా గట్టిపడుతుంది. కర్బనం, మలినాలు ఆ కొమ్మల మధ్య మిగిలిన ద్రవంలోకి చేరతాయి. ఆ ముద్దను కత్తిగా సాగగొట్టినప్పుడు ఈ తేడాలే అలలు అలలుగా చారలై కనిపిస్తాయి. వనాడియం లాంటి మలినం రవ్వంత ఉన్నా ఆ చారలకు చాలునని వెర్‌హోవెన్, పెండ్రే, డాక్ష్ 1998లో చూపించారు.

లేజర్ మడుగులో జరిగేదీ ఈ కొమ్మల వ్యవహారమే. కాకపోతే అక్కడ లోహం సెకనుకు లక్ష నుంచి 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లారుతుంది. అందువల్ల మూసలో కంటికి కనిపించేంత దూరంగా ఉన్న కొమ్మలు ఇక్కడ మైక్రాన్ కన్నా దగ్గరగా చేరతాయి. ఇది బలానికి పనికొస్తుంది. 316ఎల్ అనే మామూలు స్టెయిన్‌లెస్ స్టీలును ఇలా ప్రింట్ చేస్తే, మామూలు పద్ధతిలో చేసినదానికన్నా ఎంతో బలంగా, అయినా సాగే గుణం పోకుండా వస్తుందని అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించారు. సాధారణంగా లోహంలో బలం పెంచితే సాగే గుణం తగ్గుతుంది. ఆ బేరం ఇక్కడ కొంత సడలింది.

2022లో మసాచుసెట్స్ ఆమ్‌హెర్స్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన వెన్ చెన్, జార్జియా టెక్‌కు చెందిన టింగ్ జూ బృందం ఇంకో అడుగు వేసింది. ఇనుము, కోబాల్ట్, క్రోమియం, అల్యూమినియం, రెండింతలకు పైగా నికెల్ కలిపిన మిశ్రమ లోహాన్ని లేజర్‌తో ప్రింట్ చేస్తే, లోపల రెండు రకాల స్ఫటికాలు పదుల నానోమీటర్ల మందం పొరలుగా ఒకదాని పక్కన ఒకటి పేరుకున్నాయి. నానోమీటర్ అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు. ఆ లోహం 1.3 గిగాపాస్కల్స్ (1,300 మెగాపాస్కల్స్) ఒత్తిడి దాకా లొంగలేదు, అంటే శాశ్వతంగా సాగిపోలేదు, 14 శాతం దాకా సమంగా సాగింది. ఇళ్ల స్లాబులో వేసే ఎఫ్‌ఈ 500డి కడ్డీ లొంగే హద్దు 500 మెగాపాస్కల్స్. ఈ లోహానిది దానికి రెండున్నర రెట్లు పైమాటే. పేరులో ఒకే ముఖ్య లోహం లేని ఇలాంటి మిశ్రమ లోహాలను హై ఎంట్రోపీ లోహాలు అంటారు. వీటి మీద తొలినాళ్ల నుంచీ పనిచేసినవారిలో ఐఐటీ హైదరాబాద్ డైరెక్టర్‌గా చేసిన బి.ఎస్. మూర్తి ఒకరు.

ఇంత వేగంగా చల్లారడం వల్ల నష్టమూ ఉంది. స్ఫటికాలు కింది నుంచి పైకి నిలువు స్తంభాల్లా పెరుగుతాయి. అందుకే ఒకే వస్తువు నిలువున ఒక బలం, అడ్డంగా ఇంకో బలం చూపిస్తుంది. పోత పోసినదానికీ, ప్రింట్ చేసినదానికీ ఒకే డ్రాయింగ్ సరిపోదు.

తేజాబులో మిగిలిన బంగారం

రంధ్రాలు కావాలనుకునేవాళ్ల పని ఇప్పుడు చూద్దాం. వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల నగల దుకాణాల మీద ఆధారపడే ఔసలివాళ్లకు, హాల్‌మార్క్ కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు దీని మూలసూత్రం పుస్తకం చదవకుండానే తెలుసు.

బంగారం నాణ్యతను కచ్చితంగా తేల్చే పరీక్ష ఇలా జరుగుతుంది. నగలోంచి తీసిన చిన్న తునకకు రెండు మూడు రెట్లు వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, ఎముక బూడిద లాంటి పదార్థంతో చేసిన గిన్నెలో కరిగిస్తారు. సీసం, రాగి గిన్నెలోకి ఇంకిపోతాయి. మిగిలిన బంగారం, వెండి పూసను సుత్తితో కొట్టి, రేకుగా సాగదీసి, చిన్న చుట్ట చుట్టి, తేజాబులో, అంటే నైట్రిక్ యాసిడ్‌లో మరిగిస్తారు. ముదురు గోధుమ రంగు పొగ లేస్తుంది. వెండి మొత్తం యాసిడ్‌లోకి వెళ్లిపోతుంది. బరువులో ఎక్కువ భాగం పోయినా చుట్ట మాత్రం చుట్టలాగే మిగులుతుంది. ఆ చుట్టకు బంగారం మెరుపు ఉండదు. మట్టి రంగులో ఉండి, పట్టకారుతో కాస్త గట్టిగా పట్టుకుంటే నలిగిపోతుంది. దాన్ని కడిగి, ఎర్రగా కాల్చగానే కొంచెం ముడుచుకుపోయి, పసుపు రంగు తిరిగి వస్తుంది. అప్పుడు తూకం వేస్తారు.

ఆ మట్టి రంగు చుట్టే నానో రంధ్రాల బంగారం. వెండి పోయినచోట పదుల నానోమీటర్ల సందులు, వాటి మధ్య అంతే సన్నటి బంగారు తీగల వల మిగిలింది. వెలుగు ఆ సందుల్లో చిక్కుకోవడం వల్ల మెరుపు పోయింది. కాల్చినప్పుడు సన్నటి తీగలు కలిసిపోయి లావయ్యాయి, సందులు మూసుకున్నాయి, మెరుపు వచ్చింది. పరీక్ష చేసేవాళ్లకు ఆ గోధుమ రంగు దశ దాటిపోయే మెట్టు మాత్రమే. పరిశోధకులు అక్కడే ఆగిపోయారు.

వెండి పోతే బంగారం పొడి పొడిగా రాలిపోవాలి కదా, వలలా ఎందుకు నిలబడింది? దీనికి స్పష్టమైన జవాబు 2001లో వచ్చింది. జోనా ఎర్ల్‌బాకర్, కార్ల్ సీరాడ్జ్‌కీ తదితరులు చెప్పింది ఇది: పై వరుసలోని వెండి పరమాణువులు కరిగిపోగానే పక్కన ఒంటరిగా మిగిలిన బంగారు పరమాణువులు స్థిరంగా ఉండలేవు. ఉపరితలం మీద జరుగుతూ వెళ్లి ఒకచోట గుంపు కడతాయి. గుంపు కట్టినచోట యాసిడ్‌కు వెండి అందదు. ఖాళీ అయినచోట కింది వరుసలోని వెండి బయటపడి మళ్లీ కరుగుతుంది. ఇలా లోపలికి తవ్వుకుంటూ పోయేకొద్దీ గుంపులు తీగలవుతాయి, ఖాళీలు సందులవుతాయి. అంటే రంధ్రాన్ని ఎవరూ దొలవలేదు. పరమాణువులు తమంతట తాము సర్దుకోవడంలో అది పుట్టింది.

దీనికి ఒక హద్దు ఉంది. వంద పరమాణువుల్లో వెండి సుమారు 55 కన్నా తక్కువైతే ఒక వెండి పరమాణువు నుంచి ఇంకో వెండి పరమాణువుకు తెగని దారి దొరకదు, యాసిడ్ పైపైనే ఆగిపోతుంది. 22 క్యారెట్ల నగను నైట్రిక్ యాసిడ్ ఏమీ చేయలేకపోవడానికి కారణం ఇదే. పరీక్ష కోసం బంగారానికి పనిగట్టుకుని వెండి కలపాల్సి రావడమూ ఇందుకే. మరీ ఎక్కువ కలిపితే చుట్ట నిలవక పొడిగా విడిపోతుంది.

1 గ్రాము బంగారాన్ని గడిగా చేస్తే దాని ఉపరితలం మొత్తం కలిపినా 1 చదరపు సెంటీమీటరు ఉండదు. అదే గ్రామును 20 నానోమీటర్ల తీగల వలగా మారిస్తే లోపలి ఉపరితలం 10 చదరపు మీటర్ల దాకా వస్తుంది, అంటే పదడుగుల గది నేలంత. రసాయన చర్యలు లోహం ఉపరితలం మీదే జరుగుతాయి కాబట్టి చర్యను వేగపరిచే ఉత్ప్రేరకాలకు, బ్యాటరీ ఎలక్ట్రోడ్లకు, సెన్సర్లకు ఇలాంటి లోహం పనికొస్తుంది.

ఈ ఆలోచన ఫ్యాక్టరీకి చేరి దాదాపు వందేళ్లయింది, అదీ పత్తి గింజల నూనె వల్ల. అమెరికాలోని టెన్నెసీలో పత్తి గింజల నూనెను గడ్డకట్టించే కంపెనీలో పనిచేసిన మరే రేనీ అనే ఇంజినీరు 1920లలో ఆ పనికి ఉత్ప్రేరకం కోసం నికెల్, అల్యూమినియం కలిపి కరిగించి, అల్యూమినియాన్ని కాస్టిక్ సోడాతో తీసేశాడు. మిగిలిన స్పాంజిలాంటి నికెల్‌ను ఇప్పటికీ రేనీ నికెల్ పేరుతోనే అమ్ముతున్నారు. ఎరువుల పరిశ్రమలో అమోనియాకు వాడే ఇనుప ఉత్ప్రేరకం కూడా దీనికి దగ్గరి చుట్టమే: ఇనుప ఆక్సైడ్‌లోంచి ఆక్సిజన్‌ను లాగేస్తే అది ఉన్నచోట సందులు మిగులుతాయి. రామగుండంలో ఎరువుల కర్మాగారం ఉంది కాబట్టి ఇది ఆ ప్రాంతానికి దూరపు విషయం కాదు.

అనుకోకుండా జరిగితే ఇదే పని నష్టం. పాత ఇత్తడి నల్లా కొన్నాళ్లకు ఎర్రబారి, గీకితే గుల్లగా రాలడం చాలా ఇళ్లలో చూసేదే. నీళ్లు జింకును తినేయగా మిగిలిన రాగి స్పాంజి అది.

రెండూ కలిసే చోట

నానో రంధ్రాల లోహానికి రెండు పెద్ద బలహీనతలున్నాయి. ఒకటి, లాగితే పుటుక్కున తెగుతుంది. రెండోది, ద్రవమో వాయువో ఆ సన్నటి సందుల్లోంచి పోవడానికి చాలా సమయం పడుతుంది. మందంగా ఉన్న దిమ్మెలో పై పొర మాత్రమే పనిచేసి, లోపలి భాగమంతా వృథాగా పడి ఉంటుంది. బంగారం లాంటి లోహంలో ఆ వృథాను ఎవరూ భరించలేరు.

ప్రింటింగ్ అక్కరకొచ్చింది ఇక్కడే. 2018లో లారెన్స్ లివర్‌మోర్ బృందం వెండి, బంగారు పొడులను జిగురులాంటి సిరాగా కలిపి, సన్నటి సూదిలోంచి జాలీలా పేర్చింది. దాన్ని కాల్చి జిగురు పోగొట్టి, రెండు లోహాలను కలిసిపోనిచ్చి, ఆ తర్వాత యాసిడ్‌తో వెండిని తీసింది. వచ్చిన ముక్కలో జాలీ కన్నాలు ఒక స్థాయి, జిగురు పోయినచోట మిగిలిన మైక్రాన్ల ఖాళీలు ఇంకో స్థాయి, వెండి పోయిన నానో సందులు మూడో స్థాయి. ద్రవం పెద్ద కన్నాల్లోంచి ఒత్తిడి లేకుండా పారుతుంది, అసలు చర్య నానో సందుల్లో జరుగుతుంది. వెన్ చెన్ లాంటి పరిశోధకులు అటు బలమైన లోహాల ప్రింటింగ్, ఇటు నానో రంధ్రాలు రెండూ చేయడం మొదట వింతగా కనిపిస్తుంది. కానీ రెండుచోట్లా అడిగేది ఒక్కటే: లోహంలో ఖాళీ ఎక్కడ, ఎంత కొలతలో ఉండాలి?

లేజర్ ప్రింటింగ్‌తో ఇంకో వెసులుబాటు ఉంది. వేగంగా చల్లారిన మిశ్రమ లోహంలో అల్లిక సన్నగా ఉంటుంది కాబట్టి అందులోంచి ఒక లోహాన్ని తీసేసినప్పుడు మిగిలే సందులు కూడా సన్నగా, సమంగా వచ్చే వీలుంది. టైటానియం లాంటివాటికి యాసిడ్ పనిచేయదు. అందుకు జపాన్‌లోని తోహొకు విశ్వవిద్యాలయంలో వాడా, కాటో 2011 ప్రాంతంలో వేరే దారి చూపారు. టైటానియం, రాగి మిశ్రమ లోహాన్ని కరిగిన మెగ్నీషియంలో ముంచితే రాగి అందులోకి వెళ్లిపోతుంది, టైటానియం వలలా నిలుస్తుంది. చల్లారాక మెగ్నీషియాన్ని యాసిడ్‌తో కడిగేస్తారు. వేడి ఎక్కువ కాబట్టి సందులు కాస్త పెద్దవే వస్తాయి. మొత్తంమీద ఈ కలయిక ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది. ప్రింటింగ్ ఒక్కటే బజారులోకి వచ్చింది.

565 కిలోలు, 13.7 కిలోలు

ఎక్కడ లాభమో, ఎక్కడ కాదో తేల్చడానికి ఇస్రో లెక్క ఒక్కటి చాలు. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఇంజిన్‌ను ప్రింట్ చేసి, 2024 మే 9న 665 సెకన్ల పాటు మండించి చూశారు. 14 భాగాల చోట ఒకటే ముక్క, 19 వెల్డింగ్ అతుకులు లేకుండా పోయాయి. మామూలుగా చేస్తే 565 కిలోల లోహపు దిమ్మెలు, రేకులు కావాల్సినచోట 13.7 కిలోల పొడి సరిపోయింది. తయారీ సమయం 60 శాతం తగ్గింది. వస్తువు లోపల వంకర టింకర కాలువలు ఉండి, దిమ్మెలో ఎక్కువ భాగాన్ని చెక్కి పారేయాల్సి వచ్చి, ఏడాదికి కొన్నే కావాల్సి వస్తే ఈ పద్ధతికి తిరుగులేదు.

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. 1 కిలో ఉక్కు అంటే దాదాపు 127 ఘన సెంటీమీటర్లు. ఒక లేజర్ గంటకు 15 ఘన సెంటీమీటర్లు కరిగిస్తుందనుకుంటే ఆ కిలోకు 8 గంటలు దాటుతుంది. పదుల కిలోల బరువుతో వేల సంఖ్యలో కావాల్సిన రైల్వే పోతలను దీనితో చేయడం దండగ. అవి ఫౌండ్రీలోనే పోయాలి. మధ్యే మార్గంగా ఇసుకనే జిగురుతో ప్రింట్ చేసి అచ్చు తయారు చేసుకుని, అందులో మామూలుగా పోత పోసే పద్ధతి ఒకటుంది. చెక్క నమూనా పోయిన పాత విడిభాగానికి ఇది చౌకలో అయ్యే పని. మన దగ్గర దీనికి రావాల్సినంత పేరు రాలేదు.

ఉత్తర తెలంగాణలో ఏది కుదురుతుంది

వరంగల్‌కు లోహశాస్త్రం కొత్త కాదు. 1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్, మెటలర్జీ విభాగంతో దశాబ్దాలుగా ఇంజినీర్లను తయారు చేస్తోంది. హైదరాబాద్‌లో డీఎంఆర్‌ఎల్ అనే రక్షణ శాఖ లోహ పరిశోధనశాల, ప్రత్యేక లోహాలు చేసే ప్రభుత్వ సంస్థ మిధాని, పొడి లోహాల మీద పనిచేసే ఏఆర్‌సీఐ ఉన్నాయి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన జాతీయ వ్యూహం ఈ రంగంలో ప్రపంచ మార్కెట్‌లో 5 శాతం వాటా లక్ష్యంగా పెట్టుకుంది. చదువుకున్నవాళ్లున్నారు, పరిశోధన సంస్థలు రెండు మూడు గంటల ప్రయాణంలో ఉన్నాయి.

పని ఎక్కడుంది అంటే మొదట చూడాల్సింది రామగుండం, సింగరేణి వైపు. రామగుండం ఎన్‌టీపీసీలో మొదటి యూనిట్ 1983లో నడక మొదలుపెట్టింది. అంత పాత విద్యుత్ కేంద్రాల్లో, గనుల పంపుల్లో, అసలు తయారీదారు చేయడం మానేసిన భాగాలు ఉంటాయి. పంపులో నీటిని తోసే చక్రం (ఇంపెల్లర్) ఒక్కటి అరిగితే దాని కోసం వారాల తరబడి యూనిట్ ఆగడం కన్నా, పాతదాన్ని స్కాన్ చేసి ఒకటో రెండో ప్రింట్ చేసుకోవడం ఖరీదైనా లాభమే.

పెంబర్తి ఇత్తడి పనికి మాత్రం ఇది ఇప్పట్లో చేరదు. ఇత్తడిలోని జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది, రాగి కరగడానికి 1,085 డిగ్రీలు కావాలి. లేజర్ తగలగానే జింకు ఆవిరై రంధ్రాలు పెడుతుంది. పైగా రాగి మామూలు పరారుణ లేజర్ వెలుగును చాలా వరకు వెనక్కి కొట్టేస్తుంది. రాగి కోసం ఆకుపచ్చ లేజర్లు వచ్చింది అందుకే. పెంబర్తి పని ఎక్కువగా రేకును కొట్టి ఎత్తుపల్లాలు తేవడం కాబట్టి అసలు పోలికే కుదరదు. మైనపు అచ్చుతో లోహపు బొమ్మలు పోసే ఆదిలాబాద్ డోక్రా కళకు అచ్చు దశలో రెజిన్ ప్రింటింగ్ (ద్రవ రెజిన్‌ను వెలుగుతో గట్టిపరిచే పద్ధతి) పనికిరావచ్చు, నగల తయారీలో అది ఇప్పటికే ఉంది. కానీ చేత్తో చుట్టిన మైనపు దారమే ఆ బొమ్మ అందం. అక్కడ మెషీన్ పెడితే కొనేవాళ్లు ఎందుకు కొంటారన్నది వేరే ప్రశ్న.

మెషీన్ కొనడం తేలికైన భాగం. కొన్న తర్వాత టెన్షన్ పెట్టేది పొడి. కరగకుండా మిగిలిన పొడిని జల్లెడ పట్టి మళ్లీ వాడతారు. ప్రతిసారీ దానిలో ఆక్సిజన్ కాస్త కాస్త పెరుగుతుంది. టైటానియంలో అది హద్దు దాటితే వస్తువు పెళుసవుతుంది. సన్నటి టైటానియం, అల్యూమినియం పొడులు గాలిలో లేస్తే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి గదికి, మనుషులకు వేరే జాగ్రత్తలు కావాలి. ఆర్గాన్ సరఫరా ఆగకూడదు. రెండు రోజుల పని మధ్యలో కరెంటు పోయి లేజర్ ఆగిపోతే, ఆ పొర దగ్గర మిగిలే గీత బలహీనపడి, తరచూ ఆ వస్తువును పారేయాల్సి వస్తుంది.

ఆ తర్వాత పరీక్ష. పోత పోసిన ఉక్కుకు ప్రమాణాలు, అనుభవం వందేళ్లవి ఉన్నాయి. ప్రింట్ చేసినదానికి మెషీన్ మారితే, పొడి బ్యాచ్ మారితే మళ్లీ రుజువు చూపించాలి. అందుకే ముఖ్యమైన భాగం ప్రింట్ చేసినప్పుడు అదే పలక మీద పక్కనే పరీక్ష కడ్డీలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా ప్రింట్ చేస్తారు. వాటిని లాగి, లక్షల సార్లు వంచి విరగ్గొడతారు. విరిగిన ముఖాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి పగులు ఏ రంధ్రం దగ్గర మొదలైందో వెతుకుతారు. అసలు భాగానికి ఎక్స్‌రే సీటీ స్కాన్ తీస్తారు. వరంగల్‌లోనో రామగుండంలోనో ఇలాంటి మెషీన్ పెట్టాలనుకునే సంస్థ బడ్జెట్‌లో ముందు చూడాల్సింది ఈ స్కానర్, ఈ విరగ్గొట్టే యంత్రాల ఖర్చు ఎక్కడ రాశారన్నదే.